పేరుకు పుట్టినరోజు

మనుషుల పుట్టినరోజులే మన ఇళ్ళలో మొన్నమొన్నటి దాకా అంతంతమాత్రంగా జరిగేవి. తిథి గుర్తుంటే తలంటు, ఇంత పరమాన్నం. గుర్తులేకపోతే అదీ లేదు. ఇప్పుడు చొక్కాలకూ నిక్కర్లకూ, ఇంకా సరిగా చెప్పాలంటే వాటి మెడ వెనుక కుట్టిన పేరు పట్టీకి, పుట్టినరోజులు జరుగుతున్నాయి. జరుపుకోనీండి. ఖాతా పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి లెక్క మొదలుపెట్టే దేశంలో ఒక వ్యాపారి తన పేరుకు దీపం పెట్టుకుంటే తప్పుపట్టవలసినదేమీ లేదు. ఆ దీపం ఎవరి చేత పట్టించారన్న దగ్గరే నాకు పేచీ.

కిందటి చలికాలంలో, విశాఖపట్నంలో రెడీమేడ్ దుస్తుల వ్యాపారం చేసే మిత్రుడొకడు నన్ను అరకు రమ్మన్నాడు. అలల మీద పలకపై నిలబడి జారే ఆటకు, మంచుకొండల మీద జారే ఆటకు, చక్రాల పలక ఆటకు తగిన బట్టలు అమ్మే ఒక కంపెనీ వార్షికోత్సవ విందు అది. కంపెనీ పేరు ఇక్కడ రాయను. రాస్తే అదీ వాళ్ళకు ప్రచారమే. సముద్రపు ఆట బట్టలకు సముద్రం పక్కన పండుగ చేయక, సుమారు 115 కిలోమీటర్లు ప్రయాణించి, ఘాట్ రోడ్డెక్కి, 900 మీటర్ల ఎత్తున చేయడమేమిటని అడిగాను. "బీచిలో అందరూ చేస్తున్నారురా. అరకైతే బ్యాక్‌గ్రౌండ్ బాగుంటుంది" అన్నాడు.

ఆ బ్యాక్‌గ్రౌండ్ ఏమిటో సాయంత్రానికి తెలిసింది. కొండలు, పొగమంచు, వలిసెపూల పసుపు అనుకున్నాను. అవి కాక మనుషులు కూడానట. నెగడు వెలిగించాక థింసా జట్టును పిలిచారు. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు, అయిదుగురు వాద్యగాళ్ళు. అప్పటికి గంటన్నరగా గేటు బయట చలిలో నిలబడి ఉన్నారు. లోపలికి రాగానే తలా ఒక టీషర్టు పంచి, చీరల మీదనే తొడుక్కోమన్నారు. తొడుక్కున్నారు. రొమ్ముల మీద ఆ కంపెనీ పేరుతో, ఒకరి వీపు వెనుకగా ఒకరు చేతులు పెనవేసుకుని ఆడారు. మోరీ ఊదుతున్న ముసలాయనకు టీషర్టు పొట్టిదై పైకి ఎగదన్నుతుంటే, వాద్యం ఆపకుండానే మోచేత్తో దానిని కిందికి లాక్కుంటున్నాడు. అతిథులు వరుస మధ్యలో దూరి ఫొటోలు దిగారు. మైకు పట్టుకున్న యువకుడు కంపెనీ పుట్టిన సంవత్సరం, స్థాపకుల పేర్లు, ఉత్తమ డీలర్ల పేర్లు తడుముకోకుండా చదివాడు. ఆడినవాళ్ళ ఊరేదో, జట్టేదో చెప్పలేదు. "లోకల్ ట్రైబల్ డాన్స్" అన్నాడు, అంతే.

తిరుగు ప్రయాణంలో మిత్రుడితో వాదులాట అయింది. వాడి వాదనలో బలం లేకపోలేదు. వాళ్ళకు డబ్బు ముట్టింది. టీషర్టులు వాళ్ళే ఉంచుకున్నారు. కుర్రపిల్లలు సంబరపడ్డారు కూడా. "నీకు నచ్చలేదని వాళ్ళకు వచ్చే నాలుగు రూపాయలు ఆపుతావా?" అన్నాడు. ఆపను. నేనెవరిని ఆపడానికి? కానీ కూలి ఇచ్చినంత మాత్రాన మర్యాద ఇచ్చినట్లు కాదని మన రైతు ఇళ్ళలో పనివాళ్ళకు అన్నం పెట్టే ప్రతి తల్లికీ తెలుసు. ఆ రాత్రి నా మనసులో మెదిలింది డబ్బు లెక్క కాదు. ఎవరి నేల మీద ఎవరు అతిథులు, ఎవరు గృహస్థులు అన్న లెక్క.

ఆ బట్టల మీద నాకు చిన్నచూపు ఉందని అనుకోకండి. సర్ఫింగ్ నిక్కరు తెలివైన వస్త్రం. 1950లలో హవాయి దీవుల్లోని ఒవాహులో, వైయనాయె అనే ఊళ్ళో, ఎం. నీ అనే దర్జీ దుకాణంలో సర్ఫర్లు తమకు కావలసిన కొలతలు చెప్పి నిక్కర్లు కుట్టించుకునేవారు. పలక మీద మోకాళ్ళు ఒరుసుకుపోకూడదు, కెరటం కొట్టినప్పుడు జారిపోకూడదు, తడిస్తే బరువెక్కకూడదు. ఆటగాడి అవసరం, దర్జీ చెయ్యి కలిసి పుట్టించిన బట్ట అది. 1969లో ఆస్ట్రేలియాలోని టార్కీ అనే తీరపు ఊళ్ళో ఆలన్ గ్రీన్, జాన్ లా ప్రారంభించిన క్విక్‌సిల్వర్ దానికి మరికొంత మెరుగు పెట్టింది. నడుము పట్టీ వెనుక ఎత్తుగా, ముందు పల్లంగా ఉంటుంది. గుండీలకు బదులు టిచ్ బటన్లు, వెల్క్రో. మన కోస్తా జాలరి తెప్ప మీద నిలబడి అలలు దాటేటప్పుడు గోచీ ఎందుకు బిగిస్తాడో ఆలోచిస్తే, ఈ కుట్టులోని తర్కం మనకేమీ కొత్త కాదు.

ఇక ఆ ఆట ఎవరిది? హవాయి ద్వీపవాసులది. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడికి చేరిన మిషనరీలకు అది సోమరుల వేడుకగా కనిపించింది, ఆట సన్నగిల్లింది. 1912 ఒలింపిక్స్‌లో ఈతలో స్వర్ణం గెలిచిన హవాయి వాడు డ్యూక్ కహనమోకు 1914 చివర సిడ్నీ దగ్గరి ఫ్రెష్‌వాటర్ తీరంలో పలక మీద నిలబడి చూపించాక ఆస్ట్రేలియన్లకు ఆ పిచ్చి పట్టుకుంది. ఆట ఒక జాతిది, కుట్టు ఒక దర్జీది. క్విక్‌సిల్వర్ వారి ముద్రలోని కెరటమూ కొండా కూడా జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ గీసిన కెరటం నుంచి తీసుకున్నవే. ఇవన్నీ కలిసి ఒక పేరైనాయి. పేరు మాత్రం రిజిస్టరు అయింది.

ఆ పేరు తర్వాత ఏమైందో చూస్తే వార్షికోత్సవాల అసలు రూపం తెలుస్తుంది. అమెరికాలో ఆ కంపెనీ 2015లో దివాలా పిటిషను వేసింది. బయటపడి, 2017లో బోర్డ్‌రైడర్స్ అని పేరు మార్చుకుని, 2018లో తన పాత పోటీదారు బిల్లబాంగ్‌ను కొనుక్కుంది. 2023లో అన్నీ కలిపి ఆథెంటిక్ బ్రాండ్స్ గ్రూప్ చేతికి వెళ్ళాయి. ఆ గ్రూపు వ్యాపారం ప్రధానంగా పేర్లు కొని, వాటిని వాడుకునే హక్కును ఇతరులకు అద్దెకివ్వడం. అట్లా హక్కు తీసుకుని అమెరికాలో దుకాణాలు నడిపిన లిబరేటెడ్ బ్రాండ్స్ 2025 ఫిబ్రవరిలో దివాలా తీసి, వందకు పైగా దుకాణాలు మూసింది. స్థాపకులు తప్పుకున్నా, దుకాణాలు మూతపడ్డా, కుట్టేవాళ్ళు ఎన్ని దేశాలు మారినా పుట్టినరోజు మాత్రం ప్రతి ఏడూ వస్తూనే ఉంటుంది. శరీరం పోయి ఆత్మ మిగలడమంటే మన వేదాంతులు చెప్పినది ఇది కాదనుకుంటాను గానీ, చూడడానికి అట్లాగే ఉంది.

దీనికి సరిగ్గా తలకిందులైన కథ, ఆ విందు జరిగిన నేలదే, ఒకటి ఉంది. అక్కడ బట్ట పోయింది, పేరుకు యజమాని లేడు, ఆడవాళ్ళు మాత్రం మిగిలారు.

గదబలని విన్నాం. అటు కోరాపుట్ నుంచి ఇటు అరకు కొండల దాకా ఉన్నారు. గదబలంటే ఒకే ముద్ద కాదు. గుతోబ్ మాట్లాడేవారిది ముండా భాషా కుటుంబం. కొనెకోర్ మాట్లాడేవారిది మన ద్రావిడ కుటుంబమే. పేరి భాస్కరరావు గారు 1980లో కొనెకోర్ గదబ మీద పుస్తకమే రాశారు. ఒకే పేరు వెనుక రెండు వేర్వేరు భాషా కుటుంబాలున్న మనుషులను "లోకల్ ట్రైబల్" అని ఒక్క చేటలో పోయడం ఎంత సులువో చూడండి. థింసా ఆడేవారు గదబలొక్కరే కూడా కాదు. భగత, వాల్మీకి, పోర్జ, ఖోండు, కోటియా, కొండదొర, అందరూ ఆడతారు. అందులోనూ బోడ థింసా వేరు, ఆకులేరే పొతర్ తోల వేరు, పులిని చూసి తుళ్ళిపడే బాగ్ థింసా వేరు.

ఈ గదబ స్త్రీలు నేసుకున్న బట్ట పేరు కెరంగు. అడవి చెట్ల, పొదల బెరడు నుంచి నార తీసి, ఎండబెట్టి, వడికి, రంగులద్ది, ఇంటి దగ్గరే చిన్న మగ్గం మీద నేసేవారు. ఎరుపు, తెలుపు, నీలం చారలు. కొన్నది కాదు, నేతగాడిని అడిగి తెచ్చుకున్నది కాదు. కట్టుకునే మనిషే నేసిన బట్ట. చెవులకు భుజాల దాకా వేలాడే ఇత్తడి తీగ పోగులు. నడుము వెనుక నల్లని నారతాళ్ళు దట్టంగా చుట్టి కట్టుకునే ఒక మెత్త. వెనుక ఎత్తుగా, ముందు పల్లంగా అని పైన టార్కీ నిక్కరు గురించి రాశానే, ఆ వాక్యం రాస్తున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ మెత్తే.

ఆ మెత్త ఎందుకు వచ్చిందో ఎడ్గర్ థర్‌స్టన్, రంగాచారి తోడ్పాటుతో 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో ఒక ఐతిహ్యం ఉంది. ఒక దేవత మారువేషంలో గదబ పల్లెకు వచ్చిందట. అలసి, కాసేపు మంచం మీద నడుము వాల్చవచ్చునా అని ఒక ఇల్లాలిని అడిగింది. బిచ్చగత్తెలకు నేలే తగిన చోటు అని ఆమె కసిరింది. ఇకమీదట గదబ స్త్రీలందరూ నడుముకు ఈ మెత్త కట్టుకు తిరగాలని దేవత ఆన పెట్టింది, అతిథితో కటువుగా మాట్లాడరాదని వాళ్ళకు గుర్తుండడానికి.

ఒక్కసారి జరిగిన అమర్యాదను ఒక జాతి స్త్రీలు తరతరాలుగా తమ నడుముకు కట్టుకుని మోశారు. ఏ కంపెనీ చరిత్ర పుస్తకంలోనైనా తమ బట్ట గురించి ఇంత బరువైన కథ ఉందా? వాళ్ళ వంశంలోని ఆడవాళ్ళనే, వాళ్ళ సొంత కొండ మీద, బయటి నుంచి వచ్చిన అతిథులు గేటు అవతల గంటన్నర నిలబెట్టారు. ఆ జట్టులో గదబలు ఎందరున్నారో నేను అడగలేదు. లెక్క మారదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే ఈ వ్యాసం తప్పుదారి పడుతుంది. గదబ స్త్రీలు మళ్ళీ కెరంగు కట్టుకోవాలని నేను కోరడం లేదు. నార బట్ట ఒంటికి మెత్తగా ఉండదు. ఒక్కటి సిద్ధం కావడానికి పట్టే శ్రమ తక్కువది కాదు. శుక్రవారం అరకు సంతలో మిల్లు చీర సరసంగా దొరుకుతుంటే దానినే కొనుక్కోవడం వివేకం. సంతలో కెరటం బొమ్మ టీషర్టు వేసుకుని తిరిగే గిరిజన యువకుడిని చూసి "అయ్యో సంస్కృతి" అని నిట్టూర్చే పర్యాటకుడు తాను మాత్రం జీన్సు ప్యాంటులో ఉంటాడు. ఇష్టపడి వేసుకున్న టీషర్టు ఆ యువకుడి స్వేచ్ఛ. చీర మీద తొడిగించిన టీషర్టు ప్రకటన బోర్డు. రెండూ ఒకే గుడ్డ కావచ్చు. ఈ తేడా పట్టించుకోని వాళ్ళు రెండు రకాలు: టీషర్టులు పంచేవాళ్ళు, టీషర్టులు చూసి ఏడ్చేవాళ్ళు. నాకు ఇద్దరితోనూ పడదు.

మాడగడ దగ్గర మేఘాలు చూడడానికి వెళ్ళినవారికి మూడో రకం కూడా తెలిసే ఉంటుంది. గిరిజన వేషం అద్దెకు కట్టి, కొప్పులో పూలు తురిమి, ఫొటో తీయిస్తారు. నేను దానిని అంతగా తప్పుపట్టను. అక్కడ కనీసం వేషం కట్టేవారు, కట్టించుకునేవారు ఎదురెదురుగా బేరమాడుకుంటారు. ఎవరు అతిథో తెలుస్తూనే ఉంటుంది. నవ్వుకుంటూ విడిపోతారు.

బట్ట నిలబడాలంటే ఏం కావాలో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. కోరాపుట్ జిల్లాలోనే కోట్‌పాడ్ ఉంది. అక్కడి మిర్గాన్ నేతగాళ్ళు ఆల్ చెట్టు వేరు పట్ట నుంచి తీసిన ఎరుపుతో, చుట్టుపక్కల గిరిజనుల కోసమే తరతరాలుగా నేశారు. 2005లో ఆ నేతకు భౌగోళిక గుర్తింపు వచ్చింది; ఒడిశాలో అది పొందిన మొదటి వస్తువు అదే. 2018లో ఆ ఊరి నేతగాడు గోవర్ధన్ పణికాకు పద్మశ్రీ ఇచ్చారు. నియమగిరి మీది డోంగ్రియా కోందుల ఆడపిల్లలు అన్నకో, మనసిచ్చిన వాడికో సూదితో కుట్టి ఇచ్చే కప్డాగొండా శాలువాకు 2024 జనవరిలో గుర్తింపు వచ్చింది. శాలువా మీది ముక్కోణాలు వాళ్ళ కొండలు. ఈ రెండింటిలోనూ బట్ట పేరుతో పాటు నేసిన లేక కుట్టిన వాళ్ళ పేరు కూడా పలుకుతాం. కోట్‌పాడ్ అంటే మిర్గాన్లు గుర్తుకొస్తారు. గుర్తింపు పత్రంతో కడుపు నిండదన్న మాట నిజమే. ఆ పత్రం వల్ల ప్రతి ఇంటికీ ఎంత ఒరిగిందో తేల్చేది కూడా మనం కాదు, వాళ్ళే.

మన అరకులోనే కాఫీ ఉంది. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో గిరిజన రైతులు పండించిన కాఫీకి అరకు అన్న పేరే పెట్టి 2017లో పారిస్ నగరంలో దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాఫీ ఈ కొండల పంట కూడా కాదు. దొరలు తెచ్చి నాటినది. అటువంటి పరాయి మొక్కకు ఈ నేల పేరు పెట్టి ప్రపంచం చుట్టించగలిగినవాళ్ళం, ఈ నేల మీదే పుట్టిన నారబట్టకు పేరు కూడా పలకలేకపోయాం. కాఫీ తాగేవాడు పట్నంలో ఉన్నాడు, కెరంగు కట్టేవాడు లేడు, అందుకని అంటారు. ఒప్పుకుంటాను. కానీ సర్ఫింగ్ నిక్కరు కట్టేవారిలో ఎందరు జన్మలో ఒక్కసారైనా పలక ఎక్కారు? కట్టుకునే వాడి అవసరంతోనే బట్ట బతకదు, దాని కథ చెప్పే వాడి ఓపికతో కూడా బతుకుతుంది. ఆ ఓపిక క్విక్‌సిల్వర్‌కు ఉంది. మనకు లేదు.

ఒక ప్రైవేటు విందును పట్టుకుని ఇంత రాయడమెందుకని అడగవచ్చు. ప్రభుత్వం చేసే వేడుకలదీ ఇదే బాణీ కాబట్టి. 2017 నవంబరులో అరకులో అంతర్జాతీయ బెలూన్ల పండుగ జరిగింది. రంగురంగుల బుడగలు కొండల మీద తేలాయి, ఫొటోలు అద్భుతంగా వచ్చాయి. 2025 జనవరి 31 నుంచి మూడు రోజులు చలి ఉత్సవం చేశారు. మంచిదే, పర్యాటకులు వస్తే సంతకు నాలుగు డబ్బులు వస్తాయి. ఏ ఉత్సవంలోనైనా ముఖ్య అతిథి దిగగానే ఎదురు వెళ్ళేది థింసా జట్టు. మంత్రిగారు రెండడుగులు కలిపితే మర్నాడు పత్రికలో మంత్రిగారి పేరుంటుంది, పక్కనున్న ఇద్దరు స్త్రీలు "గిరిజన మహిళలు". చైత్రంలో తమ ఊరి ఇటుకల పండుగకు ఆడితే వాళ్ళందరికీ పేర్లుంటాయి. కొండ దిగి వేదిక ఎక్కగానే పేర్లు పోతాయి.

అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. దానికీ వార్షికోత్సవాలు మొదలవుతాయి, అవుతున్నాయి. కలెక్టరు కార్యాలయానికి నావి రెండు విన్నపాలు. థింసా జట్ల జాబితా ఊరివారీగా, పెద్దమ్మ పేరుతో సహా అచ్చువేసి, ఒక ప్రదర్శనకు ఎంత ఇవ్వాలో, ఎంతసేపు ఆడించవచ్చో, ఒంటి మీద ఎవరి పేరూ తొడిగించరాదనీ అందులో రాయాలి. రిసార్టులు ఆ కాగితం చూసే జట్టును పిలవాలి. రెండోది, కెరంగు నార తీయడం, వడకడం కళ్ళారా చూసిన ముసలమ్మలు కొండకు ఇటూ అటూ ఎక్కడెక్కడ ఉన్నారో ఈ వేసవిలోనే వెతకాలి. బొండో, గదబ పల్లెల్లో నార నేత గురించి పాత పుస్తకాల్లో ఎంత రాసి ఉన్నా, ఏ పొద బెరడు ఏ నెలలో తీయాలన్నది చెయ్యి చెప్పవలసిన విషయం. వాళ్ళకు రోజు కూలి కట్టి, కూర్చోవడానికి మంచం వేసి, వాళ్ళ భాషలోనే అడిగి రాసుకోవాలి. గుతోబ్ తెలిసిన కుర్రవాళ్ళు, కొనెకోర్ తెలిసిన కుర్రవాళ్ళు ఆ ఊళ్ళలోనే దొరుకుతారు; విశాఖ నుంచి ఎవరినీ పంపనక్కరలేదు.